బడిలో నవ్వులపాలైన సంగతులు

(మన సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యేటా యీ వేదికమీద వక్ఫు భూములు, జకాతు లెక్కలు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు అంటూ మాట్లాడి జనాన్ని నిద్రపుచ్చుతున్నామని కార్యవర్గం వారికి అనుమానం వచ్చింది. "యీసారి కాస్త నవ్వించండి" అన్నారు. నవ్వించడం అంత తేలికా? సినిమావాళ్ళకే చేతకావడం లేదు. అందుకని ఊరికే దొరికే సరుకు వొకటి తెచ్చాం. బడిలో మన పిల్లలు సిగ్గుతో చచ్చిపోయిన సంగతులు. ఆనాడు నేల చీలిపోతే బాగుండుననిపించినవి, యీనాడు చెప్పుకుంటే పొట్టచెక్కలయ్యేవి. అటువంటివి ప్రతివాడి దగ్గరా వుంటాయిగాని, మన యీ ఖమ్మం, భద్రాచలం అడవి అంచున వున్నంత పంట యింకెక్కడా పండదని మా నమ్మకం. దానికి కారణం చెప్పాలి.

కొత్తతరం వారికి గోదావరి అంటే వంతెన మీద పది నిమిషాల పని. ఆ వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు పడవే గతి. 1948 దాకా యీ నది వొక రాజ్యం పొలిమేర కూడా. ఇవతల పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లెందు, ఖమ్మం నిజాం యేలుబడిలో. అవతల భద్రాచలం, దుమ్ముగూడెం, నూగూరు మద్రాసు ప్రెసిడెన్సీలో. ఇవతల దఫ్తరు ఉర్దూ, పెద్ద తరగతుల చదువు ఉర్దూ. అవతల తెలుగూ ఇంగ్లీషూ. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు రూపాయి. రేవులో దిగితే కరోడ్‌గిరీవారు మూట విప్పించేవారు. ఖమ్మం జిల్లా యేర్పడింది 1953లో. భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుంచి తెచ్చి అందులో కలిపింది 1959లో. అంటే వొకే కుటుంబంలో అన్నకు వొక భాషలో చదువు, తమ్ముడికి వొక భాషలో చదువు. పెద్దవాడికి అలీఫ్ బే, చిన్నవాడికి అ ఆ. వీటి మధ్య అడవిలో కోయగూడేలు, వాళ్ళ భాష వాళ్ళది. యిన్ని భాషలు వొక్క బల్లమీద కూర్చుంటే నవ్వు పుట్టకుండా యెట్లా వుంటుంది?

మొదట ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడిని తెలుగు బడిలో వేసిన కథ. పంతులుగారు పాఠం అడిగారు. పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "చెప్పు" అన్నారు పంతులుగారు. వాడు నోరు మూసుకున్నాడు. "చెప్పరా" అని గద్దించారు. వాడు యింకా గట్టిగా మూసుకున్నాడు. "చెప్పు! చెప్పు!" అంటూ బెత్తం తీసేసరికి వాడు రెండు చేతులతో మూతి నొక్కిపట్టి యేడవడం మొదలుపెట్టాడు. సంగతేమంటే ఇంట్లో వాళ్ళ అమ్మ రోజుకు నలభైసార్లు అనేమాట "చుప్". పంతులుగారి "చెప్పు" వాడి చెవికి అట్లాగే వినిపించింది. ఆయన మాట్లాడమంటుంటే వాడు నోరుమూయమన్నాడనుకుని తన ప్రాణం పోయినా మాట్లాడకుండా ఆజ్ఞ పాలిస్తున్నాడు. అంత విధేయుడైన శిష్యుణ్ణి ఆ పంతులుగారు మళ్ళీ చూసివుండరు.

యింకొక తరగతిలో సైన్సు పాఠం. "గాలి అంతటా వున్నది. గాలి లేనిదే మనం బ్రతకలేము." మనవాళ్ళ పిల్లలిద్దరు కిసుక్కున నవ్వారు. ఉర్దూలో గాలీ అంటే తిట్టు కదా! "యెందుకు నవ్వుతున్నార్రా, మీ ఇంట్లో గాలి లేదా?" అని అడిగారు పంతులుగారు. "లేదు సార్, మా అబ్బా చాలా మంచోడు" అన్నాడు వొకడు. రెండోవాడు నిజాయితీపరుడు. "మా ఇంట్లో వుంది సార్. తాత ఊరినుంచి వస్తే యింకా యెక్కువుంటది."

"పిల్లలూ" అని ప్రేమగా పిలిస్తే మన పిల్లలకు కోపం. ఉర్దూలో పిల్లా అంటే కుక్కపిల్ల. నిన్నా రేపూ తేడా తెలియదని తిట్లు. ఉర్దూలో రెండిటికీ వొకటే మాట, కల్. "నిన్న ఫీజు తెస్తా సార్" అన్న పిల్లవాడిని వారం రోజులు ఆ పేరుతోనే పిలిచారు, "నిన్న తెస్తా" అని. మనలోమాట, ఫీజుల విషయంలో వాడన్నదే సరైన వ్యాకరణమేమో. పుస్తకం సంగతి చెప్పనే అక్కరలేదు. మౌల్సాబు దగ్గర పొద్దున్న కుడినుంచి ఎడమకు, బడిలో పదింటికి ఎడమనుంచి కుడికి. తెలుగు వాచకం ఆఖరి పేజీ తెరిచి కూర్చుని, "యీడు మొన్ననే చేరిండు, అప్పుడే పుస్తకం అయిపోవచ్చింది" అనిపించుకున్నవాళ్ళున్నారు. చిత్రమేమంటే ఉర్దూలో అక్షరాలు కుడినుంచి రాసినా అంకెలు ఎడమనుంచే రాస్తారు. అందుకని తెలుగు కాపీ ముక్కలుముక్కలుగా రాసే పిల్లలు లెక్కల్లో మాత్రం ధీమాగా వుండేవారు. మనవాళ్ళు లెక్కల్లో గట్టివాళ్ళని చెప్పుకునే మాటకు యిదే మూలమని మేము వాదిస్తాం. యెవరూ వొప్పుకోరు, అది వేరే సంగతి.

యిదంతా వొక పక్క. రెండో పక్క కూడా వుంది. నిజాం కాలంలో తెలుగు ఇంటి పిల్లలు ఉర్దూ తరగతిలో పడ్డ పాట్లు తక్కువా? తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. ఆడవాళ్ళకూ వస్తువులకూ వొకటే బాధ. ఉర్దూలో కుర్చీకీ ఆడమగా వుంది, రొట్టెకూ వుంది. పెరుగు మగా ఆడా అని వాదించుకుంటూ ఆ పిల్లలు ఇంటికి పోయేవారట. అట్లా నవ్వులపాలై నేర్చుకున్నవాళ్ళే ఆ తరువాత ఉర్దూ జుబానును మనకంటే బాగా యేలారు. దాశరథి కృష్ణమాచార్యులవారు యీ గడ్డమీద పెరిగి ఖమ్మంలో హైస్కూలు చదువు చదివినవారే. గాలిబును తెలుగులోకి తెచ్చినవారు ఆయనే. మన ఇళ్ళల్లో గాలిబు ఫోటోకు దండవేసేవాళ్ళలో యెంతమందికి గాలిబు అర్థమవుతాడో అల్లాకే తెలియాలి.

డబ్బు లెక్కల కథ కూడా చెప్పి తీరాలి. యేడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. అది ఆనాటి మారకం. ఇవతలి పిల్లవాడు అవతలికి మేనమామ ఇంటికి పోయి బడిలో చేరితే, "రూపాయికి యెన్ని అణాలు?" అన్న ప్రశ్నకు "యే రూపాయికి సార్?" అని అడిగేవాడు. తరగతంతా గొల్లుమనేది. వాడు అడిగినదానిలో తప్పేముంది? అణాలు రెండుచోట్లా పదహారేగాని, అణా విలువ మాత్రం రేవుకు అవతల వొకటి, ఇవతల వొకటి. ఆ తికమక తీరిందనుకుంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరు నయాపైసలని బడిలో బట్టీ పట్టించారు. చివరి బెంచీ పిల్లవాడొకడు లేచి, "సార్, పదహారు అణాలకు ఆరేసి పైసలంటే తొంభైయారే గదా. రూపాయికి నూరంటిరి. నాలుగు పైసలు యెవరు తీసుకున్నరు?" అన్నాడు. అందరూ నవ్వారు. పంతులుగారు మాత్రం నవ్వలేదు. జీతం లెక్క మనసులో వేసుకుంటున్నట్టున్నారు.

సెలవు చీటీ కథ వొకటి పెద్దలు చెప్పగా విన్నాం. అమ్మలు మన్నించాలి, యిది పెద్ద మాటేమీ కాదు. వొక పిల్లవాడు పదిరోజులు బడికి రాలేదు. వచ్చేటప్పుడు లుంగీ కట్టుకుని, కాళ్ళు యెడంగా వేసుకుంటూ వచ్చాడు. చీటీలో వాళ్ళ అబ్బా తెలుగులో రాయించాడు, "మా అబ్బాయికి ఒడుగులు చేయించినందున" అని. మనవాళ్ళ తెలుగులో ఒడుగులంటే సున్తీ అని యిక్కడ అందరికీ తెలుసు. ఆ కొత్త పంతులుగారు కోస్తా వైపునుంచి బదిలీ మీద వచ్చినవారు. వారి తెలుగులో వడుగు అంటే ఉపనయనం. ఆయన కళ్ళజోడు సవరించుకుని చీటీ రెండుసార్లు చదివి, పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, భుజంమీద చొక్కా తప్పించి, "జంధ్యమేదిరా?" అన్నారు. పిల్లవాడికి ఆ మాట అర్థంకాలేదు. ఏదో చూపించమంటున్నారని మాత్రం అర్థమై లుంగీ గట్టిగా పట్టుకుని బయటికి పరుగెత్తాడు. పక్క తరగతి మౌల్సాబు వచ్చి పంతులుగారి చెవిలో సంగతి చెప్పాడట. తరువాత ఇద్దరూ స్టాఫ్ రూములో కూర్చుని గంటసేపు బయటికి రాలేదని చెప్తారు.

రంజాను మాసపు కథ యింకా తియ్యనిది. తొమ్మిదేళ్ళవాడు మొదటి రోజా వున్నాడు. సాయంత్రం ఇంట్లో రోజా కుషాయి. కొత్త బట్టలు, మెడలో పూలదండ, చుట్టాలు, ఖర్జూరాలు. బడి స్నేహితుణ్ణి కూడా పిలిచారు, కంసాలి వారి అబ్బాయి. నానీ మనవణ్ణి వొళ్ళో కూర్చోబెట్టుకుని, "నా బంగారం పొద్దుటినుంచి గుటక మింగలేదు" అంటున్నది. స్నేహితుడు మెచ్చుకోలుగా, "అవునమ్మా, బోరింగు దగ్గర మాత్రం మూడుసార్లు తాగిండు" అన్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. నానీ తేరుకుని, "మరచిపోయి తాగితే రోజా పోదు" అన్నది. ఆ మాట మసాయిలు పుస్తకాల్లోనూ వున్నదే. వాళ్ళ చాచా వూరుకోడుగదా, "మరచిపోవడం మూడుసార్లా?" అన్నాడు. పిల్లవాడు దండ తీసి స్నేహితుడి మెడలో వేసి లోపలికి పోయాడు. యిప్పుడు ఆ ఇద్దరికీ మనవలున్నారు. ఏటా ఇఫ్తారుకు ఆ స్నేహితుడు వస్తూనే "బోరింగు యెక్కడ?" అని అడగడం రివాజు.

నవ్వడం దీనుకు విరుద్ధమని మొగం ముడుచుకుని కూర్చునే పెద్దలు కొందరుంటారు. వాళ్ళకోసం వొక్కమాట. మన ప్రవక్త (స) వారి హాస్యం గురించి హదీసు పుస్తకాల్లో వున్నది. వొకాయన వచ్చి యెక్కిపోవడానికి వొంటె కావాలని అడిగితే, వొంటెపిల్లనిస్తానన్నారట. పిల్లను తీసుకుని నేనేం చేసుకోవాలని ఆయన బెంగపడితే, వొంటెకు పుట్టని వొంటె యెక్కడైనా వుంటుందా అన్నారట. ఆ నవ్వులో యెవరి పరువూ పోలేదు. అడిగినవాడికి వొంటె కూడా దొరికింది. మన ఖురాను షరీఫు హుజురాత్ సూరాలో పదకొండో ఆయతులో వొకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్నీ, పేర్లుపెట్టి పిలవడాన్నీ వద్దన్నది. మగవాళ్ళకు విడిగా, ఆడవాళ్ళకు విడిగా చెప్పింది. బడిలో పెట్టే పేర్లు గుర్తుతెచ్చుకోండి. పొట్టోడు, మెల్లకన్నోడు, నత్తోడు, "నిన్న తెస్తా".

యిక్కడికి వచ్చేసరికి మా గొంతు కాస్త మారుతుంది, మన్నించాలి.

కొన్నేళ్ళ క్రితం పాతవిద్యార్థులందరూ కలుసుకున్న వొక సమావేశానికి మేము వెళ్ళాం. బడి పేరు వద్దు. భోజనాలయ్యాక కథలు మొదలయ్యాయి. వొకాయన లేచి, ఆరో తరగతిలో డ్రిల్లు పీరియడులో నిక్కరు వెనక రెండు ఎర్ర అతుకులున్న పిల్లవాడి కథ చెప్పాడు. వాడు వంగినప్పుడల్లా "సిగ్నలు పడింది, బండి ఆగాలి" అని అందరూ అరిచేవారట. బ్రహ్మాండంగా చెప్పాడు. షామియానా కింద అందరూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. వెనక వరుసనుంచి వొకామె, ఆ తరగతిలో చదివినామె, కూర్చునే అడిగింది. "భాయి, ఆ పిల్లగాడు యీ రోజు వచ్చిండా?" రాలేదు. "ఆ వారమే బడి మానిండు. తునికాకు సీజను. వాళ్ళ అమ్మతో అడవికి పోయిండు, మళ్ళ రాలే. వాళ్ళది మా వీధే." అని వూరుకుంది. కోపంగా చెప్పలేదు, సమాచారం చెప్పినట్టు చెప్పింది. తరువాత మిఠాయి పంచారు. ఆ ముక్క చాలామంది చేతిలోనే వుండిపోయింది.

మేము అప్పటినుంచి యీ విషయం ఆలోచిస్తున్నాం. బడి కథలు చెప్పుకుని నవ్వేది చదువు పూర్తిచేసినవాళ్ళు. నవ్వుకు తట్టుకోలేక మధ్యలో పోయినవాడు ఆ కథ చెప్పడానికి వుండడు. వాడి కథను యింకొకరు చెప్తారు. ఆడపిల్లల సంగతి మరీను. పెద్దపిల్ల అయిన రోజు తరగతిలో జరిగిన చిన్న సంగతికి, మగపిల్లలు నవ్వారని, మళ్ళీ గడప దాటని పిల్లలు మన మొహల్లాల్లో వున్నారు. ఇంట్లోవాళ్ళు ఆ అదనుకోసమే చూస్తున్నట్టు, "సరేలే, యింక చాలు" అన్నారు. పరదా అవతలనుంచి యెవరో "నిజమే" అంటున్నారు. వారికి మాకంటే బాగా తెలుసు.

కోయపిల్లల మాట కూడా చెప్పాలి, మన పక్కవాళ్ళే గనుక. వాళ్ళ భాషలో తాగే నీళ్ళను ఏర్ అంటారు. తెలుగులో ఏరు అంటే వాగు. దాహమై ఏర్ కావాలని అడిగిన పిల్లవాణ్ణి "ఏరంతా తాగుతావురా?" అని నవ్వితే, వాడు సాయంత్రం దాకా దాహంతోనే కూర్చుంటాడు, మరునాడు రాడు. "చెప్పు" అంటే నోరు మూసుకున్న మన పిల్లవాడికీ వాడికీ తేడా యేముంది? 2004లో ప్రభుత్వం గిరిజన పిల్లలకు మొదటి తరగతులు సొంత భాషలోనే చెప్పించే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ యెనిమిది భాషల్లో కోయ కూడా వున్నది. ఆ ఆలోచన చేసినవారికి దండం పెట్టాలి.

అబ్దుల్ కలాంగారు తన ఆత్మకథలో రెండు సంగతులు రాశారు. రామేశ్వరంలో కొత్తగా వచ్చిన పంతులు, పూజారిగారి అబ్బాయి పక్కన టోపీ పెట్టుకున్న ముస్లిం పిల్లవాడేమిటని ఆయన్ను వెనక బెంచీకి పంపాడు. పూజారి లక్ష్మణశాస్త్రిగారు ఆ పంతులును పిలిచి మందలించారు. పంతులు మారాడు కూడా. రెండోది రామనాథపురం హైస్కూలులో. పొరపాటున వేరే తరగతిలోకి నడిచినందుకు లెక్కల మాస్టరు అందరి ముందూ మెడపట్టి బెత్తంతో కొట్టారు. కొన్ని నెలలకు లెక్కల్లో నూటికి నూరు వస్తే, అదే మాస్టరు ప్రార్థన సమయంలో అందరి ముందూ ఆ సంగతి తానే చెప్పి, తన చేతి దెబ్బ తిన్నవాడు గొప్పవాడవుతాడని చమత్కరించారు. రెండోది కలాంగారు నవ్వుతూ చెప్పుకోగలిగిన కథ. మొదటిదానిలో ఆయన స్నేహితుడు యేడ్చిన మొగం జీవితమంతా మరచిపోలేదని రాశారు. ఆయనంతటివాడికే రెండు అవమానాలు రెండు రకాలుగా గుర్తున్నాయి. వొకటి తప్పుకు పడ్డ దెబ్బ, వొకటి టోపీకి పడ్డ దెబ్బ. తప్పుమీద నవ్వితే తప్పు దిద్దుకోవచ్చు. టోపీ, అతుకు, యాస, నత్తి, వీటిమీద నవ్వితే పిల్లవాడు యేం దిద్దుకోవాలి?

యిప్పుడు చట్టం కూడా వున్నది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను పిల్లవాణ్ణి కొట్టడమే గాదు, మనసు నొప్పించి వేధించడం కూడా నిషేధించింది. చట్టం పంతుళ్ళకు. పక్క బెంచీవాడికి చట్టమెక్కడిది? వాడికి ఇల్లే చట్టం. రాత్రి అన్నాల దగ్గర "యీ రోజు బడిలో యేమైంది?" అని అడిగే ఇళ్ళు యెన్ని వున్నాయి మనలో? అడిగినా మార్కులు అడుగుతాం. "యీ రోజు నిన్ను చూసి యెవరైనా నవ్విండ్రా? నువ్వు యెవరిని చూసి నవ్వినవ్?" అని అడగం. పిల్లలు చెప్పరనుకోకండి. ముందు మీది వొకటి చెప్పండి, అబ్బా కూడా మూడో తరగతిలో నవ్వులపాలయ్యాడని తెలిస్తే వాళ్ళ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కావలి మొహమ్మద్ ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కథలు మన ఇళ్ళల్లో వుండవలసిన పుస్తకం. పేద ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం అందులో దాచకుండా, నవ్వుతూ వున్నది. సంఘం లైబ్రరీకి రెండు ప్రతులు తెప్పించమని కార్యదర్శిగారికి యిక్కడే మనవి చేస్తున్నాం. తీసుకుపోయినవారు తిరిగి యివ్వాలనికూడా మనవి.

యింకొక మనవి. మన సాయంత్రపు ట్యూషను సెంటరులో యీ యేటినుంచి శుక్రవారం వొక అరగంట కేటాయిద్దాం. పెద్దలొకరు వచ్చి తమ బడికథ చెప్పాలి, తరువాత పిల్లలు చెప్పాలి. ఖర్చేమీ లేదు, ఛాయ్ ఖర్చు మేము పెట్టుకుంటాం. హాలీ సిక్కా చూసినవాళ్ళు, ఉర్దూ మీడియంలో చదివినవాళ్ళు యిప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే మిగిలారు. వాళ్ళు చెప్పేది యెవరైనా టేపు చేసిపెడితే, వచ్చే సావనీరులో ప్రకటనల మధ్య రెండు పేజీలు వాటికిద్దాం.

కార్యవర్గంవారు బహుమతులకు ముందు యింకా పావుగంట వుందంటున్నారు. కనుక యిప్పుడే మొదలుపెడదాం. వేదికమీదికి యెవరైనా రావచ్చు. షరతు వొకటే, యెవరి కథ వాళ్ళదే చెప్పాలి. పక్కవాడి కథ చెప్పాలంటే పక్కవాణ్ణి వెంట తీసుకురావాలి. అమ్మలు అక్కడినుంచే చెప్పవచ్చు, మైకు తీగ పరదా దాకా వస్తుంది. అదిగో, ముందు వరుసలో నీలంచొక్కా పిల్లవాడు చెయ్యెత్తుతున్నాడు. రా బేటా. చెప్పు. చుప్ కాదు, చెప్పు.